పసుపెక్కిన తెర

వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎప్పుడో కరువయ్యారు. చిన్నా పెద్దా అందరికీ ఆయన రంగులాయనే. ఆ పేరు ఊరికే రాలేదు. నలుపూ తెలుపూ ఫొటోలే ఉన్న రోజుల్లో, మీసం సరిగ్గా మొలవకముందే, ఆయన ఒక స్టూడియోలో పనికి కుదిరాడు. నేల ఊడవడం, ట్రేలు కడగడం, ఎండిన ఫొటోల అంచులు కత్తిరించడం, ఇదీ పని. ఒకనాడు యజమాని దూది చుట్టిన పుల్ల, కాసిని రంగు సీసాలు చేతికిచ్చి, ఎవరో ముసలామె ఫొటోకి రంగు వెయ్యమన్నాడు. అక్కడ మిగతావాళ్లంతా బొమ్మలకు పూసినట్టు బుగ్గలకు గులాబీ రంగు పులిమేవాళ్లు. ఈయన మాత్రం ఎడమ చెయ్యి తిరగేసి ఫొటో పక్కన ఆనించి, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి ముసలామె కాగితంలోంచి లేచి వచ్చేటట్టు తయారైంది. ఆమె కొడుకు ఫొటో అందుకుని కళ్లకద్దుకున్నాడట. ఆ తర్వాత ఆ స్టూడియోలో రంగుల పని ఇంకొకరి చేతికి పోలేదు.

రంగు ఫిల్ము వచ్చింది, వీడియో క్యాసెట్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఆయన ఒక్కొక్కటీ కిందా మీదా పడి నేర్చుకున్నాడు. సొంత స్టూడియో పెట్టుకున్నాడు. యంత్రాలు మారాయి గానీ చెయ్యి మారలేదు. పెళ్లికూతురి మొహానికి రంగు సరిచేసే ముందు ఎడమ చెయ్యి తిరగేసి తెర పక్కన పెట్టాల్సిందే. "ప్రాణమున్న చర్మాన్ని పక్కన పెట్టుకుని చూడమ్మా. కంప్యూటరు వెయ్యి రంగులు చూపిస్తుంది. వాటిలో బతికున్నది ఏదో అది చెప్పదు," అనేవాడు.

ఆ మాట చెప్పేది చిన్నకోడలికి. చిన్నకోడలంటే ఆయన తమ్ముడి భార్య. చదువు మధ్యలోనే ఆగిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల అని పుట్టింట్లోనే పేరు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో బావగారి ఎదుట పడటానికే జంకేది. మొగుడు సరుకుల వ్యాను నడుపుతాడు, ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువగా ఉంటాడు. ఒకరోజు స్టూడియోకి భోజనం డబ్బా తీసుకెళ్లిన పిల్ల, బావగారు ఎవరిదో ఫొటోలో నుదుటి మీది గాటు చెరిపేస్తుంటే చూస్తూ నిలబడిపోయింది. ఆయన వెనక్కి తిరగకుండానే కాలితో స్టూలు ఇటు జరిపాడు. చదువు అబ్బదని అందరూ వదిలేసిన పిల్లను ఆయన పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పిందే చెప్పి, ఒక్కసారి కూడా విసుక్కోకుండా పని నేర్పాడు. కొన్నేళ్లకు వీడియోలు కత్తిరించడం, పాట కలపడం, మొహాల మీద మచ్చలు తియ్యడం అన్నీ ఆమె చేతికొచ్చాయి. ఆఖరున రంగు మాత్రం ఆయనదే.

అంత నేర్పినా ఆయనతో ఎదురుగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఏదైనా చెప్పాలంటే అక్కకి చెప్పేది. అక్కంటే రంగులాయన భార్య, ఈమెకి తోటికోడలు. అక్క నోటికి తలుపూ లేదు గడియా లేదు. అందుకని ఆ ఇంట్లో అందరి మాటలూ ఆ ఒక్క నోరే మోసేది. మోసేటప్పుడు దారిలో నాలుగు తన సొంత మాటలు కూడా ఎక్కించుకునేది.

చివరికి స్టూడియో మూతపడే రోజు వచ్చింది. ప్రతివాడి జేబులోనూ ఒక కెమెరా ఉన్నాక స్టూడియో మెట్లెక్కేదెవరు? పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చే నలుగురు కూడా తగ్గారు. ఖాళీ చేయమని ఆ గది సొంతదారు కబురు పంపాడు. రంగులాయన పాత కెమెరాలు, లైట్లు, గొడుగులు, గోడకున్న నీలం తెరతో సహా వచ్చిన ధరకి అమ్మేశాడు. ఆ డబ్బుతో ఇంట్లో ఒక కంప్యూటరు పెట్టాలని నిర్ణయం. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్లు కొందరు ఆయన చెయ్యి మీద నమ్మకంతో ఎడిటింగు పని పంపుతూనే ఉన్నారు. ఆ పని నిలిస్తే ఇల్లు నిలుస్తుంది. స్టూడియోలోని పాత కంప్యూటరు ఇప్పటికే మూలుగుతోంది, ఏ రోజు ఊపిరి ఆగుతుందో తెలియదు. కొత్తది కొనడానికి అవకాశం ఒక్కసారే. తప్పు సామాను తెచ్చుకుంటే మార్చుకునే దారి లేదు.

భోజనాల దగ్గర అదే మాట. ఒక డబ్బాకి ఇంత ఆలోచన దేనికని అక్క అడిగింది. రంగులాయన ఆమెకి వంటింటి భాషలో చెప్పాడు. ప్రాసెసర్ అంటే వంటమనిషి. ర్యామ్ అంటే వంటగట్టు, గట్టు ఇరుకైతే వంటమనిషి ఎంత చురుకైనదైనా గిన్నె దించడానికి చోటు లేక నిలబడిపోతుంది. డిస్కు అంటే సామాన్ల అలమర. గ్రాఫిక్స్ కార్డు రెండో పొయ్యి లాంటిది, ఉంటే సుఖం.

"మరి మానిటర్?" అంది అక్క.

"అది కిటికీ. కిటికీ అద్దం మురికైతే బయట లోకమంతా మురికే. అందుకే ఈసారి ఎక్కువ డబ్బు కిటికీ మీదే పెడుతున్నా."

ఆయన లెక్క ప్రకారం అన్నిటికంటే ఖరీదైన మానిటరు వస్తుంది. ర్యామ్ ఎంత తక్కువైతే అంత. కొత్త డిస్కు వద్దు, పాతదే చాలు. చిన్నకోడలు పళ్లెంలో వేళ్లు ఆపేసింది. ఇప్పుడు పనంతా వీడియోదే. ఫొటోగ్రాఫర్లు పంపే వీడియోలు బండరాళ్లంత బరువుగా ఉంటున్నాయి. పాత కంప్యూటరు మీద ఒక్క కత్తిరింపు పెడితే తెర బిగుసుకుపోయి, ఆమె లేచి వెళ్లి బియ్యం కడిగి వచ్చినా అలాగే ఉండేది. ఆ ఇరుకు గట్టు మీద కొత్త పని సాగదు. ఆలస్యమైతే ఫొటోగ్రాఫర్లు ఇంకో గుమ్మం చూసుకుంటారు. అది ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. మానిటర్ తప్పేమీ లేదని ఆమెకి తెలుసు.

ఏడాది పైనుంచీ రంగులాయన తెర పసుపెక్కిందని అంటున్నాడు. మొదట స్టూడియోలో ట్యూబ్‌లైట్లు మార్పించాడు. తర్వాత కిటికీ పరదా తీయించాడు. మానిటర్ మీటలు నొక్కి నొక్కి నీలం వైపు తిప్పి చూశాడు, లాభం లేక మళ్లీ వెనక్కి తిప్పేశాడు. ఒకరోజు తెర పక్కన ఎడమ చెయ్యి పెట్టి, దాన్నే తేరిపార చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి రక్తపరీక్ష చేయించుకొచ్చాడు. కామెర్లు లేవని తేలింది. అక్కకి సంగతి తెలిసి, "పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. మీకు కామెర్లు లేకుండానే కనపడుతోంది, మీరు అంతకంటే ఘనులు," అని నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత మాత్రం తెర పక్కన చెయ్యి పెట్టడం మానేశాడు. చెయ్యి ముదిరిపోయిందనీ, ఇక కొలతకి పనికిరాదనీ తనలో తను అనుకున్నట్టు చెప్పాడు. ముసలితనం అందరికీ మోకాళ్లలో వస్తే తనకి చేతికొచ్చిందనుకున్నాడు.

ఆ వారంలోనే చిన్నకోడలు మొదటి నీలం మొహాన్ని చూసింది. ఒక పసిపాప ఫొటో. రంగులాయన పసుపు విరగాలని నీలం కలిపి రంగు సరిచేసి, బాగా వచ్చిందని తృప్తిగా టీ తాగడానికి పక్క టైలరు కొట్టుకి వెళ్లాడు. ఆమె స్టూలు జరుపుకుని తెర చూసింది. పాప పెదవులు అప్పుడే చెరువులోంచి తీసినట్టున్నాయి. తలుపు వైపు చూసి, భయం భయంగా తన చెయ్యి తిరగేసి తెర పక్కన పెట్టింది. రంగుని కొంచెం కొంచెంగా వెనక్కి లాగింది. పాప బతికింది. బావగారు చేసింది చెరపడానికి చెయ్యి రాలేదు. దాన్ని అలాగే ఉంచి, తను దిద్దింది వేరే పేరుతో దాచి, అదే పంపేసింది.

రెండ్రోజులకి ఫొటోగ్రాఫర్ ఫోను చేసి, రంగులాయన చెయ్యంటే చెయ్యే అన్నాడు. ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటికొచ్చి ఆ మాట అక్కకి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెబుతున్నప్పుడు చిన్నకోడలు గిన్నెలు తోముతూ తల వంచుకుంది. ఇక ఎలా చెబుతుంది? ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. ఆయన టీకి వెళ్లడం, ఆమె స్టూలు జరపడం అలవాటైపోయింది. మొగుడితో ఒకసారి అంది. వ్యాను నడిపి నడిపి నడుము పట్టేసిన మనిషి అతను. అన్నయ్య కంటికి వంక పెట్టడానికి మనమెంత, సర్దుతున్నావుగా, సర్దేయ్ అని అటు తిరిగి పడుకున్నాడు.

సర్దడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్య. కానీ కొత్త కంప్యూటరు వచ్చేది ఇంటికి. ముందు గదిలో ఒకటే బల్ల, ఒకటే కుర్చీ, ఆయన మంచం దానికి ఆనుకునే. టీ కోసం ఆయన ఎక్కడికీ వెళ్లడు, టీయే ఆయన దగ్గరకొస్తుంది. ఇక దొంగచాటుగా దిద్దే వీలుండదు.

అలవాటు ప్రకారం అక్క ద్వారా ప్రయత్నించింది. కూరలు తరుగుతూ, బావగారు ఒకసారి కళ్లు చూపించుకుంటే బాగుంటుందేమో అంది. అక్క కత్తి ఆపి, "ఆయన కళ్లనా? నన్ను వదులుకోమంటే వదులుకుంటాడు గానీ కళ్ల మాట ఎత్తితే ఊరుకోడే చెల్లీ," అంది. ఆ సాయంత్రమే ఆ మాటను తన పద్ధతిలో మోసుకెళ్లింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కళ్లు తిన్నగా లేక మానిటర్‌ని తిడుతున్నారంది. రంగులాయన, కళ్లద్దాలు మొన్ననేగా మార్చింది అని కాస్త కటువుగానే అన్నాడు. మాట అక్కడితో తెగిపోయింది. లేచి వెళ్తూ ఆయన గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. ఈమధ్య తరచుగా కొట్టుకుంటున్నాడు. పక్కనున్న గ్లాసులు తన్నుకుంటూ పోతున్నాడు. అక్క దానికీ ఒక వేళాకోళం తయారుగా పెట్టుకుంది, గుమ్మం మీద ఇంత ప్రేమ పెళ్లాం మీద ఉంటే బాగుండేదని. అందరూ నవ్వారు. చిన్నకోడలు నవ్వలేదు, కానీ ఆ గుమ్మానికీ ఆ పసుపుకీ చుట్టరికం ఉందని ఆమెకీ తట్టలేదు.

పార్టుల షాపుకి ముగ్గురూ వెళ్లారు. వీడియో సంగతులు అడిగితే చెప్పడానికి చిన్నకోడలు, బేరానికి అక్క. సన్నటి సందు లాంటి షాపు, నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు. షాపాయన లావుపాటి మనిషి, జలుబుతో ముక్కు తుడుచుకుంటూనే మాట్లాడుతున్నాడు. రంగులాయన చెప్పిందంతా విని, మానిటర్ మీద ఇంత పెడితే లోపల సామాను ఏడుస్తుందని మంచిగానే చెప్పాడు. వీడియో చేసేవాళ్లకి ముందు ర్యామ్ కావాలి, పని పెట్టుకోవడానికి చిన్నదైనా ఒక ఎస్సెస్‌డీ, అంటే వేగంగా నడిచే కొత్తరకం డిస్కు, కావాలి, గ్రాఫిక్స్ కార్డు తర్వాతైనా తగిలించుకోవచ్చు, దానికి చోటున్న మదర్‌బోర్డు ఇస్తానన్నాడు. చిన్నకోడలు వింటూ తల ఊపుతోంది. తన మనసులో ఉన్నదంతా ఎవరో పైకి చదువుతున్నట్టుంది. రంగులాయన మాత్రం గోడ పక్కన వరసగా వెలుగుతున్న మానిటర్ల దగ్గరికి నడిచాడు. ఒకదాని మీద తెల్ల పేజీ తెరవమన్నాడు.

షాపాయన తెరిచాడు. రంగులాయన వంగి చూసి, పసుపన్నాడు. పక్కదాని మీద తెరవమన్నాడు. అదీ పసుపే. మూడోది, నాలుగోది. వరసంతా తెల్ల పేజీలు నిలబడ్డాయి, ఆ వెలుగుకి షాపులో మనుషుల మొహాలు కూడా పాలిపోయి కనపడుతున్నాయి.

"ఏం పెద్దాయనా, నా మానిటర్లన్నిటికీ ఒక్కసారే కామెర్లు తగులుకున్నాయా?" అన్నాడు షాపాయన ముక్కు తుడుచుకుంటూ.

అక్క కిసుక్కున నవ్వబోయి ఆగింది. మొగుడి మొహంలో ఏం చూసిందో మరి. రంగులాయన చివరిదాని ముందు, అన్నిటికంటే ఖరీదైనదాని ముందు, చాలాసేపు నిలబడ్డాడు. దాని వెలుగు మిగతావాటికంటే ఎక్కువ. ఇదే కొంచెం నయం, ఇదే ఇవ్వండి, మిగతావి ఎంతలో వస్తే అంతలో సర్దండి అన్నాడు. జేబులోకి చెయ్యి పోయింది. షాపాయన భుజాలెగరేసి, రాసుకున్న కాగితం మీద ర్యామ్ తగ్గించాడు, ఎస్సెస్‌డీ కొట్టేశాడు.

చిన్నకోడలు అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఆమెను చూసి తల అడ్డంగా ఊపింది. ఆ నోరు మొదటిసారి బరువు మోయనంది.

"బావగారూ," అంది చిన్నకోడలు. ఆయన వెంటనే తిరిగాడు, ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేనట్టు. "అది తెల్లగానే ఉందండీ."

"ఏదమ్మా?"

"అన్నీ."

ఆయన ఆమెను చూశాడు. మళ్లీ తెరల వరస చూశాడు. మెల్లగా, ఎంతో కాలంగా మానేసిన పని, ఎడమ చెయ్యి తిరగేసి తెల్ల పేజీకి ఆనించాడు. తర్వాత ఆమెను రమ్మని సైగ చేసి, ఆమె చేతిని కూడా పక్కన పెట్టమన్నాడు. రెండు చేతులూ తెల్లటి వెలుగు మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ముడతలు పడ్డది, ఒకటి అంట్ల బూడిదకి బీటలు వారింది. ఆయన కంటికి రెండూ ఒకేలా పసుపుగా కనపడ్డాయి, నీ చెయ్యి కూడా ముదిరిందా అనలేదు. అర్థమైపోయింది.

"మరి ఇన్నాళ్లూ పంపినవి?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి వచ్చిన విద్యే అది. కానీ చెయ్యి ఇంకా ఆయన చేతి పక్కనే ఉంది. "నేను సరిచేసి పంపానండీ. మీరు టీకి వెళ్లినప్పుడు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షాపాయనతో మళ్లీ వస్తామని మర్యాదగా చెప్పి, ముందు నడిచాడు. మెట్టు దగ్గర తడబడితే అక్క పట్టుకోబోయింది, పట్టుకోనివ్వలేదు. బస్సులో కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. కళ్లు పోతున్నాయన్న దిగులు కంటే ఆ మొహంలో ఉన్నది వేరే ఏదోనని చిన్నకోడలికి తెలుస్తూనే ఉంది. ఏడాది పాటు విన్న పొగడ్తలన్నీ ఆయన ఒక్కొక్కటిగా విప్పి చూసుకుంటున్నాడు, ఏ ఒక్కటీ తనది కాదు.

కళ్ల డాక్టరమ్మ లైటు వేసి చూసింది, ఏవో యంత్రాల ముందు గడ్డం పెట్టించింది. చాలాసేపటికి, రెండు విషయాలున్నాయంది. ఒకటి శుక్లం. లోపలి కటకం ముదిరి పసుపెక్కింది, అందుకే లోకమంతా పసుపు. అది ఆపరేషన్‌తో పోతుంది. రెండోది నీటికాసులు. కంటిలో ఒత్తిడి పెరిగి, వెనక నరం నొప్పి తెలియకుండా ఎండిపోతూ వస్తోంది. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి మధ్యలో గొట్టమంత మిగిలింది. ఎడమ కంట్లో అదీ లేదు. గుమ్మాలు అందుకే తగులుతున్నాయి. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఏడాది ముందు రంగు తేడా వచ్చిందని వచ్చినా, ఈ రెండోది అప్పుడే దొరికిపోయేదంది.

"ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదా?" అని అడిగింది.

"కనిపెట్టారమ్మా," అన్నాడు రంగులాయన. "చెప్పడానికి మొహమాటపడ్డారు."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట చిన్నకోడలి లోపల ముల్లులా దిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజు నుంచీ ఇంట్లో అందరూ ఆయన కళ్ల చుట్టూ తిరిగారు. చుక్కల సీసా తలగడ పక్కన చేరింది. తమ్ముడు వ్యాను మానుకుని రెండ్రోజులు ఇంట్లోనే ఉన్నాడు, అన్నయ్య ముందు తల ఎత్తలేక మూల గోడకి జారబడి కూర్చునేవాడు. అక్క వేళాకోళాలు ఆపేసింది. రంగులాయన చిన్నకోడలిని ఏమీ అనలేదు, పల్లెత్తు మాట లేదు. పనికొచ్చిన ఫొటోలు, స్టూడియో నుంచి ఇంటికి చేర్చిన పాత కంప్యూటరు మీద ఆమే దిద్దింది, ఆమే పంపింది. ఆయన ఆ వైపు మొహం తిప్పలేదు. ఆమె టీ గ్లాసు చేతికందిస్తే తీసుకునేవాడు. ఇదివరకు 'ఏమ్మా' అనేవాడు, ఆ రెండక్షరాలూ ఇప్పుడు లేవు.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. కంప్యూటరుకని దాచిన డబ్బులో కొంత దానికి పోయింది. కట్టు విప్పిన కొన్నాళ్లకి అక్క వచ్చి చిన్నకోడలి ముందు నిలబడింది. "కంప్యూటరు సామాను నువ్వే ఎంచుకుని తెచ్చుకోవాలంటున్నారు. వాడేది నువ్వేగా అంటున్నారు," అని చెప్పింది. ఈసారి సొంత మాటలు ఏమీ కలపలేదు.

షాపుకి మొగుడితో వెళ్లింది. మిగిలిన డబ్బులోనే కుదరాలి. గ్రాఫిక్స్ కార్డు వద్దంది, తెర నడిపించే శక్తి తనలోనే ఉన్న ప్రాసెసర్ తీసుకుంది. ర్యామ్ మాత్రం తగ్గనివ్వలేదు. పని జరిగే వీడియోల కోసం చిన్న ఎస్సెస్‌డీ, దాచుకోవడానికి స్టూడియో పాత డిస్కులే. కరెంటు అందించే పవర్ సప్లై దగ్గర చవకది చూపించబోతే, మంచిదే ఇమ్మంది. అది కాలిపోతే అన్నిటినీ తీసుకుపోతుందని బావగారు ఎప్పుడో చెప్పిన మాట. మానిటర్ మామూలుది, పక్క నుంచి చూసినా రంగు మారనిది. తెల్ల పేజీ తెరిపించుకుని చెయ్యి పెట్టి చూసుకుంది. షాపాయన పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నారంది. అలవాటు అంత తొందరగా పోదు.

సామానంతా ముందు గదిలో నేల మీద పరుచుకుని, తమ్ముడూ ఆమే కలిసి బిగించారు. రంగులాయన మంచం మీద కూర్చుని విన్నాడు. కళ్లకంటే చెవులతోనే చూస్తున్నాడు. ర్యామ్ టక్కున కూర్చున్న చప్పుడు రెండో వైపు రాలేదని తమ్ముడితో ఆయనే చెప్పాడు. చూస్తే నిజమే, ఒక చివర పైకి లేచే ఉంది. కంప్యూటరు లేచి, తెర మీద వెలుగొచ్చాక, ఆయన స్టూలు తెచ్చుకుని బల్ల పక్కన కూర్చున్నాడు. కుర్చీ ఆమెకి వదిలేశాడు.

"నేను చేసినవి ఉంచావా, చెరిపేశావా?" అని అడిగాడు. షాపు తర్వాత ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

ఉంచానంది. తెరవమన్నాడు.

ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. తెరవక తప్పలేదు. మొదట ఆ పసిపాప. రంగులాయన తెరకి జానెడు దూరంలోకి వంగి, తాళం కన్నంలోంచి చూసేవాడిలా తల కొంచెం కొంచెం కదుపుతూ చూశాడు. ఒక చెంప కనపడితే రెండోది కనపడదు. కానీ కనపడినంత మేరా రంగు నిక్కచ్చిగా కనపడుతోంది, పొర పోయిన కంటికి. పెదవుల దగ్గర ఆగాడు. తర్వాతిది అడిగాడు. పెళ్లికూతురు. తర్వాత ఎవరో తాతామనవడు. నీలం మొహాలు, శవాల్లాంటి మొహాలు, ఒకదాని తర్వాత ఒకటి. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో నోరు నొక్కుకుంది.

"చాలమ్మా," అన్నాడు చివరికి. వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నాడు. "ఇవన్నీ నువ్వు ఒక్కదానివే చూశావు."

ఆమె ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం కూడా ఆమెకి వచ్చిన విద్యే.

పని మళ్లీ మొదలైంది. వీడియోలు బిగుసుకుపోవడం లేదు. ఫొటోగ్రాఫర్లు పంపుతున్నారు, ఈమె చేస్తోంది. రంగులాయన స్టూలు మీద కూర్చుని పాట ఎక్కడ తెగాలో చెవితో చెబుతాడు. కానీ ఆమె పని ముగించి, ఫొటోగ్రాఫర్ మెచ్చుకున్నాడని చెబితే మాత్రం ఆయన తల ఊపి ఊరుకుంటాడు. అక్క కూర పెట్టి బాగుందా అనడిగినా, తమ్ముడు ఆరోగ్యం బాగుంది కదన్నయ్యా అన్నా అంతే. ఆ ఇంట్లో బాగుందన్న మాటకి ఇదివరకటి విలువ లేదు. ఎవరు ఏం సర్దుతున్నారో అని ఆయన చెవి ఒగ్గి వింటున్నట్టు ఉంటాడు.

ఒక మధ్యాహ్నం తనంతట తనే ఒక ఫొటో అడిగాడు. అమ్మమ్మ ఒడిలో మనవరాలు. కొంచెంసేపు తనని దిద్దనిమ్మన్నాడు. ఆమె లేచి కుర్చీ ఇచ్చింది. ఆయన వంగి, ముక్క ముక్కగా చూసుకుంటూ, ఎడమ చెయ్యి తెర పక్కన ఆనించి, చాలాసేపు చేశాడు. చెమట పట్టింది. వెనక్కి జరిగి అడిగాడు.

"ఎలా ఉంది?"

చిన్నకోడలు తెర చూసింది. మనవరాలు బాగానే ఉంది. అమ్మమ్మ మొహంలో ఒక పక్క సరిగ్గా వచ్చింది, చూపు అందని రెండో పక్క ఎర్రగా కందిపోయినట్టుంది. అక్క గుమ్మంలోంచి చెల్లెలి వైపు కళ్లతో బతిమాలింది. గొంతు దాకా వచ్చిన 'బాగుంది' అన్న మాటను చిన్నకోడలు మింగేసింది.

"కుడి పక్క తప్పొచ్చిందండీ బావగారూ. ఎరుపెక్కువైంది."

ఆయన భుజాలు, ఎన్నాళ్లుగానో బిగించి పెట్టుకున్నవి, కిందికి దిగాయి. కుర్చీలోంచి లేచి, చేత్తో తడుముకుని స్టూలు వెతుక్కున్నాడు.

"అయితే దిద్దమ్మా," అన్నాడు. "నేనిక్కడే ఉంటా."